కాలేజీ ఆర్ట్ క్లబ్ ప్రదర్శన: బొమ్మ అమ్ముడైతే డబ్బు ఎవరిది?

పచ్చరంగు_సీసా
మాది విజయవాడ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీ. ఈ ఏడాది ఆర్ట్ క్లబ్ కార్యదర్శి పదవి నా మీద పడింది. పడింది అనే అంటాను, ఎందుకంటే దానికి పోటీ చేసినవాళ్లు ఎవరూ లేరు. ఫిబ్రవరిలో వార్షికోత్సవంతో పాటు మూడు రోజులు చిత్ర ప్రదర్శన పెట్టాలి. కాలేజీ ఇచ్చేది సెమినార్ హాలు, రెండు టేబుళ్లు, రిబ్బను కత్తిరించడానికి ప్రిన్సిపాల్ గారు. ఫ్రేములు, లైట్లు, బోర్డులు, బ్యానరు అన్నీ మా ఖర్చే.

అసలు గొడవ వేరే ఉంది. పోయినసారి అమ్ముడైన బొమ్మల డబ్బు మొత్తం సీనియర్లు క్లబ్ నిధిలో వేసేశారు. ఒక రెండో సంవత్సరం అమ్మాయి వేసిన కృష్ణా బ్యారేజీ చిత్రం 4,500 రూపాయలకు పోయింది. ఆమె చేతికి వచ్చింది ఒక సర్టిఫికెట్, అందులోనూ పేరు తప్పు. ఈసారి ఆమె, ఆమె బ్యాచి మొత్తం ఒక్క బొమ్మ కూడా ఇచ్చేది లేదంటున్నారు. సీనియర్లేమో “క్లబ్ లేకపోతే ఆ బొమ్మ హాస్టల్ మంచం కిందే ఉండేది” అంటున్నారు. క్లబ్ బాధ్యత చూసే సార్ “విద్యాసంస్థలో అమ్మకాలేమిటి” అని మూడో దారి పట్టారు. బొమ్మ వేసినవాళ్లకు ఎంత, క్లబ్‌కు ఎంత ఇవ్వడం న్యాయం? అసలు అమ్మకుండానే డబ్బు పోగుచేసే దారి ఉందా?

బొగ్గు_ముక్క
మంచం కింద ఉన్నా అది ఆమె బొమ్మే కదా.

కుంచె_కృష్ణవేణి
సర్టిఫికెట్‌లో పేరు తప్పు అన్న దగ్గరే నాకు కోపం వచ్చింది. డబ్బు సంగతి తర్వాత.

పాత_కార్యదర్శి
సీనియర్ల తరఫున కూడా ఒకరు మాట్లాడాలి కాబట్టి నేను మాట్లాడతాను. గుంటూరులో చదివేటప్పుడు రెండేళ్లు ఇదే పని చేశాను. బొమ్మ వేసేవాళ్లు వేసి ఇచ్చి వెళ్లిపోతారు. హాలు అనుమతి కోసం తిరిగేది, ఎలక్ట్రీషియన్‌ను బతిమాలేది, రాత్రి పదకొండింటికి నిచ్చెన ఎక్కి మేకులు కొట్టేది క్లబ్ వాళ్లు. వాళ్లకు సర్టిఫికెట్ కూడా రాదు. మొత్తం డబ్బు తీసుకోవడం తప్పే, ఒప్పుకుంటాను. కానీ “నా బొమ్మ, నా డబ్బు, క్లబ్‌కు దండం” అన్నా కుదరదు. మా దగ్గర నూటికి 70 వంతులు వేసినవారికి, 30 క్లబ్‌కు. ఫ్రేము క్లబ్ పెడితే ముందు ఆ ఖర్చు తీసేసి మిగిలినదాన్ని పంచేవాళ్లం.

బొగ్గు_ముక్క
@పాత_కార్యదర్శి 30 ఎక్కువ. పెద్ద గ్యాలరీలు సగం తీసుకుంటాయి నిజమే, కానీ వాళ్లు కొనేవాళ్లను తీసుకొస్తారు. కాలేజీ క్లబ్ తెచ్చేది ఎవరిని? పక్క బ్రాంచి స్నేహితులను. వాళ్లు కొనరు, బొమ్మ పక్కన నిలబడి సెల్ఫీ తీసుకుంటారు.

పాత_కార్యదర్శి
కొన్నది ఎవరనుకున్నారు? లెక్చరర్లు, పట్టా పుచ్చుకోవడానికి వచ్చిన పిల్లల తల్లిదండ్రులు. వాళ్లను ఆ హాలు దాకా నడిపించింది క్లబ్ వాళ్లే. ద్వారం దగ్గర నిలబడి “అంకుల్, ఒక్కసారి లోపలికి రండి” అని పిలవడం తేలిక అనుకుంటే ఒకరోజు నిలబడి చూడండి.

లెక్కల_పుస్తకం
నేను ఆడిటర్‌ను, బొమ్మలు రావు. వాటా 20 అయినా 30 అయినా అది మీ ఇష్టం. కానీ బొమ్మ గోడకు ఎక్కకముందే అది కాగితం మీద ఉండాలి. ఒక పేజీ చాలు: బొమ్మ పేరు, కొలత, వేసినవారు చెప్పిన ధర, క్లబ్ వాటా, ఫ్రేము ఎవరు పెట్టారు, పాడైతే ఎవరు బాధ్యులు, అమ్ముడుపోకపోతే ఏ తేదీలోగా వెనక్కి తీసుకోవాలి. కింద ఇద్దరి సంతకాలు. పోయినసారి ఈ కాగితం ఉండి ఉంటే ఈ చర్చే లేదు.

ఇక పన్ను భయం వద్దు. రాష్ట్రం లోపల ఏడాదికి 20 లక్షలు కూడా దాటని అమ్మకాలకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మీ క్లబ్ 20 లక్షలు దాటితే నాకు కబురు చేయండి, నేనే వచ్చి కొబ్బరికాయ కొడతాను. పెయింటింగుల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గిన మాట నిజమే కానీ దానితో మీకు పని పడదు.

పచ్చరంగు_సీసా
@లెక్కల_పుస్తకం ఒక పూర్వ విద్యార్థి బొమ్మ కొంటాను, విరాళం రసీదు ఇస్తే పన్ను మినహాయింపు వాడుకుంటాను అంటున్నారు. ఇవ్వవచ్చా?

లెక్కల_పుస్తకం
ఇవ్వకూడదు. వస్తువు తీసుకుని డబ్బు ఇస్తే అది కొనుగోలు, విరాళం కాదు. ఆయన నిజంగా విరాళమే ఇస్తే పన్ను మినహాయింపు రసీదు ఇవ్వగలిగేది ఆ గుర్తింపు ఉన్న సంస్థ మాత్రమే. మీ కాలేజీని నడిపే ట్రస్టుకు ఉందేమో అడగండి. ఉన్నా 2,000 రూపాయలు మించిన నగదుకు మినహాయింపు రాదు. ఆర్ట్ క్లబ్ లెటర్‌హెడ్ మీద మీరు రసీదు రాసి ఇస్తే అది కూడా చిత్రలేఖనం కిందికే వస్తుంది.

బెజవాడ_బాబాయి
చివరి వాక్యానికి ఈ ఆడిటర్ గారికి నమస్కారం.

నీటిరంగుల_నీలిమ
డబ్బు ఎవరి ఫోనుకు వస్తుందో దాని గురించి ఎవరూ అడగలేదు. మా క్లబ్‌లో కోశాధికారి సొంత క్యూఆర్ కోడ్ పెట్టారు. ఆ అబ్బాయి నిజాయితీపరుడే. కానీ అదే ఖాతాలో ఇంటి నుంచి వచ్చే డబ్బు, మెస్ బిల్లు, సినిమా టికెట్లు, క్లబ్ సొమ్ము అన్నీ కలిసిపోయాయి. సెమిస్టరు చివర లెక్క తేల్చడానికి కూర్చుంటే ఏ 350 దేనిదో ఎవరికీ తెలియదు. ఇంకో సంగతి, రద్దీలో ఒకరు డబ్బు కట్టినట్టు స్క్రీన్‌షాట్ చూపించి బ్యాగు పట్టుకుని వెళ్లిపోయారు. సాయంత్రం చూస్తే డబ్బు రాలేదు, అది పాత తేదీ స్క్రీన్‌షాట్. మన ఫోనుకు సందేశం వచ్చేదాకా వస్తువు ఇవ్వకండి.

లెక్కల_పుస్తకం
కాలేజీ ద్వారా క్లబ్ పేరుతో ఖాతా తెరవడం ఉత్తమం, ఒక అధ్యాపకుడు, ఒక విద్యార్థి ఉమ్మడి సంతకం. అది కుదరకపోతే ఎవరైనా ఒకరి దగ్గర వాడకుండా పడి ఉన్న ఖాతాను ఆ మూడు రోజులకు కేటాయించండి, వేరే లావాదేవీ ఒక్కటీ లేకుండా.

గోదావరి_గట్టు
“విద్యాసంస్థలో అమ్మకాలేమిటి” అన్న సార్‌కు రాజమండ్రి సంగతి చెప్పండి. అక్కడి ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీకి వందేళ్ల కిందట ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఆంగ్లేయుడు ప్రిన్సిపాల్. పాఠాలతో పాటు పిల్లల చేత బొమ్మలు వేయించేవాడు. దామెర్ల రామారావు, అడివి బాపిరాజు ఆయన చేతిలో తేలినవాళ్లే. రామారావును బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూలుకు వెళ్లేలా చేసింది ఆయనే. రామారావు 1925లో, ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే మశూచితో పోయాడు. ఆయన పేరిట గ్యాలరీ ఇప్పటికీ రాజమండ్రిలో ఉంది, గోదావరి గట్టు నుంచి నడిచి వెళ్లవచ్చు. కూల్డ్రే పనిచేసింది ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో కాదు, మామూలు డిగ్రీ కాలేజీలో. మీ ఇంజనీరింగ్ కాలేజీలాగే.

బొగ్గు_ముక్క
బాగుంది, కానీ ఇందులో అమ్మకాల మాట ఎక్కడ ఉంది? ప్రిన్సిపాల్ మంచివాడైతే క్లబ్‌కు చందాలు అక్కర్లేదు అనే కదా దీని అర్థం.

గోదావరి_గట్టు
అదే నేను చెప్పేది. కాలేజీ చేయవలసిన పని కాలేజీ చేయాలి. పిల్లలు సబ్బులు అమ్మినట్టు బొమ్మలు అమ్ముకుని బల్బులు కొనుక్కోవడం ఏమిటి? విద్యార్థుల దగ్గర ఏటా సాంస్కృతిక కార్యక్రమాల రుసుము వసూలు చేస్తారు. అందులో ఆర్ట్ క్లబ్‌కు ఎంత వచ్చిందో ముందు అడగండి.

పచ్చరంగు_సీసా
అడిగాను. డీజేకు పోయిందట.

బెజవాడ_బాబాయి
డీజేకు పోవడం అనేది కాలేజీ నిధులకు సహజ మరణం.

సిద్దిపేట_సీత
మేము హైదరాబాద్‌లో చేసింది చెబుతాను, అమ్మకం కన్నా ఇది బాగా నడిచింది. చేర్యాల నకాషీ (గుడ్డ మీద కథలను బొమ్మలుగా వేసే పద్ధతి) చిత్రకారులను పిలిచి ఒకరోజు కార్యశాల పెట్టాం. మనిషికి 600 రుసుము. ఖద్దరు గుడ్డకు చింతగింజల జిగురు, సుద్దమట్టి పూత పూసి ఆరబెట్టడం దగ్గర నుంచి ఆ ఎర్రటి నేపథ్యం పూయడం దాకా చేయించారు. బయటివాళ్లకు కూడా తలుపు తెరిచాం, కాలనీ గృహిణులు, బడిపిల్లలు వచ్చారు. కళాకారులకు ఇవ్వవలసింది ముందే ఇచ్చేసి, సామగ్రి ఖర్చు తీసేసి, మిగిలినది క్లబ్‌కు. అందరూ తాము వేసింది తామే ఇంటికి తీసుకెళ్లారు కాబట్టి ఎవరికీ వాటా పంచే పని లేదు.

ఒక్క జాగ్రత్త. “మీకు ప్రచారం వస్తుంది కదా” అని కళాకారులను ఉచితంగా పిలవకండి. వాళ్లకు అది కులవృత్తి, ఆదివారం సరదా కాదు.

హాస్టల్_వంకాయ
మేము ఇదే ఉత్సాహంతో శ్రీకాళహస్తి కలంకారీ పెట్టుకున్నాం. గుడ్డను కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఎండేయాలి, రంగు పాకకుండా. తుప్పు ఇనుము, బెల్లం నీళ్లలో ఊరబెట్టిన నలుపు డబ్బా ఇంకోటి. ఈ రెండూ హాస్టల్ బాల్కనీలో ఉంచాం, ఏప్రిల్ ఎండలో. వార్డెన్ వచ్చి ఎవరో చచ్చిపోయారనుకున్నారు. చేసేవాళ్లు ఆరుబయట చేసుకోండి.

కుంచె_కృష్ణవేణి
నవ్వి నవ్వి కాఫీ పొలమారింది.

డల్లాస్_దమయంతి
ఇక్కడ మా యూనివర్సిటీ క్లబ్ మౌన వేలం పెడుతుంది. ప్రతి బొమ్మ పక్కన ఒక కాగితం, పైన కనీస ధర. కావలసినవాళ్లు పేరు, తాము ఇచ్చే మొత్తం రాసి వెళతారు, తర్వాత వచ్చినవాళ్లు దాని కింద ఇంకా ఎక్కువ రాస్తారు. గంట కొట్టేసరికి ఆఖరున ఎవరి పేరు ఉంటే వాళ్లది. మొహమాటం ఉండదు. ఇంకో పద్ధతి ఎంప్టీ బౌల్స్. మిచిగన్‌లో ఒక హైస్కూలు ఆర్ట్ టీచరు 1990 ప్రాంతంలో మొదలుపెట్టారు. విద్యార్థులు మట్టి గిన్నెలు చేస్తారు, వచ్చినవాళ్లు డబ్బిచ్చి అందులో సూప్ తాగి గిన్నె ఇంటికి తీసుకెళతారు. ఆ డబ్బు ఆకలితో ఉన్నవాళ్లకు.

బెజవాడ_బాబాయి
మన దగ్గర గిన్నెలో సాంబారు పోస్తే ఇడ్లీ ఎన్ని ఇస్తారని అడుగుతారు.

బొగ్గు_ముక్క
మౌన వేలం మన దగ్గర మౌనంగా జరగదు. హెచ్ఓడీ (విభాగాధిపతి) గారు 800 రాసిన తర్వాత దాని కింద 900 రాసే ధైర్యం ఏ లెక్చరర్‌కు ఉంది?

పాత_కార్యదర్శి
పేర్ల బదులు టోకెన్ నంబర్లు రాయించండి. మేము అలాగే చేశాం. హెచ్ఓడీ గారు మూడుసార్లు ఓడిపోయారు, ఎవరి చేతిలోనో ఆయనకు ఈనాటికీ తెలియదు.

పదినిమిషాల_ముఖం
అమ్మకుండా డబ్బు అని అడిగారు కదా. ఉత్సవంలో ఒక మూల రెండు స్టూళ్లు, ఒక బోర్డు: “పది నిమిషాల్లో మీ ముఖచిత్రం, 100 రూపాయలు.” పెన్సిలు, కాగితం తప్ప పెట్టుబడి లేదు. సినిమా హాలు దగ్గరలా వరుస కట్టారు. ఇందులో డబ్బు ఎవరిది అన్న గొడవ కూడా చిన్నది, గీసినవారికి 60, క్లబ్‌కు 40 అనుకున్నాం. బాధ ఒక్కటే, పోలిక. ఒకాయన కాగితం పట్టుకుని “అన్నీ బాగానే ఉన్నాయి, ఈ ముక్కు మా బావది” అన్నారు.

నీటిరంగుల_నీలిమ
మాకు బాగా వచ్చింది వినాయక చవితికి. మట్టి వినాయకుడి తయారీ నేర్పడం, బంకమట్టి ముద్ద, ఒక పీట, రెండు పుల్లలు. పిల్లలున్న ఇళ్ల నుంచి ఎగబడి వచ్చారు. దీపావళికి ప్రమిదలకు రంగులు వేసి అమ్మాం. ఫిబ్రవరి దాకా ఆగకుండా ఆగస్టు నుంచే కొద్దికొద్దిగా కూడబెట్టుకుంటే ప్రదర్శన నాటికి ఎవరి బొమ్మ మీదా ఆధారపడక్కర్లేదు.

హాస్టల్_వంకాయ
బాపు బొమ్మల ప్రింట్లు! కప్పుల మీద, చేతిసంచుల మీద వేయించండి. గంటలో ఖాళీ అవుతాయి. మేము హీరోల బొమ్మలతో పాటు అవీ పెట్టాం, బాపు ముందు హీరోలు నిలవలేదు.

లెక్కల_పుస్తకం
ఇక్కడ ఆగాలి. మన దేశంలో చిత్రకారుడి కాపీరైటు ఆయన జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు. బాపు గారు పోయింది 2014లో. అంటే 2074 చివరి దాకా ఆ బొమ్మలు ముద్రించి అమ్ముకునే హక్కు ఆయన వారసులదో, వాళ్లు రాసిచ్చినవాళ్లదో. మీరు విద్యార్థులైనా, లాభం క్లబ్‌కే అయినా అంతే. రవివర్మ 1906లో పోయారు, దామెర్ల రామారావు 1925లో, వాళ్ల బొమ్మల మీద ఆ పేచీ లేదు.

హాస్టల్_వంకాయ
ప్రతి ఎగ్జిబిషన్‌లో, ప్రతి ఊళ్లో అమ్ముతున్నారు కదా. మా మీదే పడాలా?

కుంచె_కృష్ణవేణి
చట్టం పక్కన పెట్టండి. పైన ఒక అమ్మాయి బొమ్మ డబ్బు సీనియర్లు తీసుకున్నారని అందరం కోప్పడ్డాం. ఇంకొకరి బొమ్మ ముద్రించి మనం అమ్ముకోవడం దానికన్నా ఎలా మేలు? అదీగాక ఆర్ట్ క్లబ్ అని పేరు పెట్టుకుని సొంత గీత ఒక్కటీ లేకుండా కప్పులు అమ్మడం నాకు నచ్చదు.

హాస్టల్_వంకాయ
సరే, బాపు గీత చూసి నేర్చుకుని సొంత బొమ్మలు వేస్తాం. దానికి అభ్యంతరం లేదు కదా?

కుంచె_కృష్ణవేణి
తెలుగులో బొమ్మలు వేసేవాళ్లు సగం మంది చేసేది అదే. వేయండి, సంతకం మాత్రం మీది పెట్టండి.

లెక్కల_పుస్తకం
అదే చట్టంలో విద్యార్థులకు పనికొచ్చే ముక్క ఒకటుంది. బొమ్మ అమ్మినంత మాత్రాన కాపీరైటు పోదు, విడిగా రాసిస్తేనే పోతుంది. కాబట్టి 4,500 పెట్టి కృష్ణా బ్యారేజీ కొన్నవారు దాన్ని గోడకు తగిలించుకోవచ్చు, వేరేవారికి అమ్ముకోవచ్చు. కానీ క్యాలెండరుగా అచ్చు వేయించుకోవాలంటే ఆ అమ్మాయిని అడగాలి.

పచ్చరంగు_సీసా
అయ్యో. ఆ బొమ్మ కాలేజీ ఈ ఏడాది డైరీ అట్ట మీద ఉంది.

బొగ్గు_ముక్క
పేరు ఉందా?

పచ్చరంగు_సీసా
లేదు. చైర్మన్ గారి ఫోటో ఉంది.

బెజవాడ_బాబాయి
తమ్ముడూ, నువ్వు వాటా గురించి అడిగావు. ఆ అమ్మాయి అడగవలసింది చాలా ఉన్నట్టుంది.

సిద్దిపేట_సీత
@పచ్చరంగు_సీసా ముందు ఆమె దగ్గరికి వెళ్లి పోయిన ఏడాది డబ్బు క్లబ్ నిధిలో మిగిలి ఉంటే ఆమె వాటా ఇప్పుడైనా ఇచ్చేయండి. నిబంధన 70-30 అనుకుంటే 3,150. ఆ ఒక్క పనితో మిగతా బ్యాచి దానంతటదే వస్తుంది. డైరీ విషయం ప్రిన్సిపాల్‌తో మాట్లాడేది ఆమె కాదు, క్లబ్. ఆమెను ఒంటరిగా పంపకండి.

పాత_కార్యదర్శి
దీనితో ఏకీభవిస్తాను. నిధిలో లేకపోతే మౌన వేలంలో వచ్చే మొదటి డబ్బు ఆమెకు.

బొగ్గు_ముక్క
పాత కార్యదర్శి గారితో మొదటిసారి ఏకీభవిస్తున్నాను. 30 మాత్రం ఇంకా ఎక్కువే. 20.

తెల్లకాగితం
ధర ఎలా పెట్టాలో ఎవరైనా చెబుతారా? మా క్లబ్‌లో ఒకరు 200, పక్కన అదే కొలతకు ఇంకొకరు 12,000 రాశారు.

కుంచె_కృష్ణవేణి
కొత్తవాళ్లకు చదరపు అంగుళం లెక్క పెట్టండి. అంగుళానికి 8 అనుకుంటే 12కు 16 అంగుళాల కాన్వాసు 192 చదరపు అంగుళాలు, అంటే 1,536. దానికి కాన్వాసు, ఫ్రేము ఖర్చు కలపండి. పెన్సిలు పనికి, కాగితం మీద నీటిరంగులకు రేటు తగ్గించుకోండి. ఇది న్యాయమైన ధర అని కాదు, పక్కపక్కన వేలాడే రెండు బొమ్మల మధ్య తగాదా రాకుండా. 12,000 రాసిన అబ్బాయికి అమ్మడం ఇష్టం లేకపోతే “అమ్మకానికి కాదు” అని రాయమనండి, చాలామందికి నిజంగా కావలసింది అదే.

నీటిరంగుల_నీలిమ
వేలాడదీయడం గురించి రెండు మాటలు. రెండువైపులా అంటుకునే టేపు వాడకండి, తీసేటప్పుడు గోడ సున్నం ఊడుతుంది, ఆ బిల్లు మళ్లీ క్లబ్‌కే. గోడ పొడవునా తీగ లాగి బైండర్ క్లిప్పులతో కాగితం బొమ్మలు వేలాడదీయండి. బొమ్మ మధ్యభాగం నేల నుంచి అయిదడుగుల ఎత్తులో ఉండాలి. మా వాళ్లు తలుపు పైన కూడా పెట్టారు, అందరూ దిష్టిబొమ్మ అనుకున్నారు. ఫ్రేములు అందరికీ అక్కర్లేదు, నల్ల మౌంట్ బోర్డు కత్తిరించి అంచు పెడితే చాలు, పదోవంతు ఖర్చు.

పచ్చరంగు_సీసా
ఈరోజు ఆ అమ్మాయిని కలిశాను. నిధిలో 2,200 మాత్రమే ఉన్నాయి, అవి ఇచ్చి మిగతాది జనవరిలోగా అని రాసి సంతకం పెట్టాను. తీసుకుంది. బొమ్మలు ఇస్తుందా అంటే ఆలోచిస్తానంది. డైరీ గురించి సార్‌తో మాట్లాడాను. ఆయన మొదట నమ్మలేదు, తర్వాత చాలాసేపు డైరీ అట్ట చూశారు. వచ్చే అచ్చులో పేరు వేయిస్తామన్నారు, డబ్బు గురించి మాట్లాడలేదు. అమ్మకాలకు మాత్రం ఒప్పుకున్నారు, క్యాంపస్‌లో క్యూఆర్ కోడ్ కాలేజీదే ఉండాలని షరతు.

బొగ్గు_ముక్క
కాలేజీ ఖాతాలోకి వెళ్లిన డబ్బు మళ్లీ బయటికి రావడానికి ఎన్ని సంతకాలు కావాలో కూడా అడిగారా?

లెక్కల_పుస్తకం
మంచి ప్రశ్న. ఎన్ని రోజుల్లో వేసినవారికి చెల్లిస్తారో ఆ ఒక పేజీలోనే రాయించండి, సార్ సంతకంతో.

పదినిమిషాల_ముఖం
ముఖచిత్రాల మూలకు నగదు పెట్టె పెట్టుకోండి. వందకు క్యూఆర్ ఎందుకు.

గోదావరి_గట్టు
మా ఊరి పాత క్లబ్ దగ్గర చెక్క ఈజిళ్లు (బొమ్మ నిలబెట్టే స్టాండ్లు) కొన్ని పడి ఉన్నాయి, ఒకటిరెండు కాళ్లు వదులు. కావాలంటే ఫిబ్రవరికి అరువు ఇప్పిస్తాను. రవాణా మీదే.

పచ్చరంగు_సీసా
కావాలి! ఆర్టీసీ కార్గోలో వేస్తే తీసుకుంటారా, లేక మేమే రావాలా?

గోదావరి_గట్టు
కార్గోలో వేస్తాను. కాళ్లు విడదీసి కట్ట కడతాను, మరలు వేరే సంచిలో. ఆ సంచి మాత్రం పారేయకండి, పోయినసారి తీసుకున్నవాళ్లు పారేశారు.